మెట్టచేనులో వెయ్యి మొక్కలా? ముందు ఏప్రిల్ లెక్క వేసుకోండి

ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్కారం. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా నాన్న నాకిచ్చిన నాలుగెకరాల ఎర్రనేల ఉంది. వేరుశనగ వేసి వేసి అప్పులే మిగిలాయి. ఏడేళ్లుగా బీడు పెట్టేశాం. రెండు బోర్లు వేస్తే రెండూ ఫెయిలయ్యాయి. ఈ తొలకరికి వెయ్యి మొక్కలు నాటి చేనంతా చెట్లు చేయాలని నా కోరిక. నర్సరీలో ఐదడుగుల మొక్కలు చూసొచ్చాం, అడ్వాన్స్ అడుగుతున్నారు. మా ఆయన బళ్లారిలో పనికి పోతారు, చేను చూసుకునేది నేనే. ఊళ్లో వాళ్లు "ఈ ఎండలకు ఒక్కటీ బతకదు" అంటుంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, అడ్వాన్స్ ఇంకా కట్టలేదు కదా, కట్టకండి. ఆ డబ్బుతో ముందు చేయాల్సిన పని వేరే ఉంది.

కదిరి దగ్గర మాకున్న ఐదెకరాల్లో 2009లో నేనూ మీలాగే మొదలుపెట్టాను. ఎనిమిది వందల మొక్కలు తెచ్చాం. తొలకరి పడగానే, జూన్‌లోనే నాటేశాం. జూలై అంతా చుక్క లేదు. రోజూ పొద్దున్నే వెళ్లి, ఎండిన కొమ్మను గోటితో గీరి లోపల పచ్చదనం ఉందేమో అని చూసేదాన్ని. పచ్చగా కనిపించిన రోజు బిందె మోసుకెళ్లి పోసేదాన్ని. మరుసటి ఏడు రోహిణి కార్తె దాటేసరికి మిగిలినవి అరవై ఒకటి. మా ఆయన ఏమీ అనలేదు కానీ ఆ వేసవిలో ఇద్దరం చేను దారి పట్టడమే మానేశాం.

నేర్చుకున్నది ఒక్కటే. వానాకాలంలో ఎన్ని నాటగలం అని కాదు, ఏప్రిల్‌లో ఎన్నిటికి నీళ్లు పోయగలం అని లెక్క వేసుకోవాలి. చిన్న మొక్కకు వేసవిలో వారానికి కనీసం పది లీటర్లు కావాలి. వెయ్యి మొక్కలకు పది వేల లీటర్లు, అంటే వారానికి ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండు. ఫిబ్రవరి నుంచి మే దాకా పదిహేడు వారాలు. ముప్పై నాలుగు ట్యాంకర్లు. అదీ ఒక్క వేసవికి. మొక్క నిలదొక్కుకోవాలంటే రెండు వేసవులు తప్పవు. బోరు లేని చేనుకు ఈ ఖర్చు మీరు పెట్టలేరు. నూట యాభై మొక్కలైతే వారానికి పదిహేను వందల లీటర్లు. డ్రమ్ములు పెట్టుకుని ఆటోలో తోలుకోవచ్చు. మేం రెండో ఏడు నుంచి అలాగే ఏటా నూట యాభై దాటకుండా నాటాం.

ఈ ఏడాది మీరు చేయాల్సింది కందకాలు. మన అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. పడమటి కనుమల వెనక పడ్డాం కాబట్టి నైరుతి మేఘాలు మన దాకా వచ్చేసరికి తేలిపోతాయి. అయినా లెక్క చూడండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే లీటరు నీళ్లు. మీ నాలుగెకరాల మీద 25 మిల్లీమీటర్ల వాన ఒక్కటి పడితే నాలుగు లక్షల లీటర్లు. ఎనభై ట్యాంకర్లు! అదంతా ఇప్పుడు మీ ఎర్రమట్టిని తీసుకుని వంకలోకి పోతోంది.

వాలుకు అడ్డంగా, సమమట్టంగా కందకాలు తీయించండి. మట్టం చూడటానికి మేస్త్రీలు వాడే నీళ్ల లెవల్ పైపు చాలు. రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు తీయించి, తీసిన మట్టిని పల్లం వైపు కట్టగా పోయించండి. ఇరవై, ముప్పై అడుగులకొకచోట కందకంలో తవ్వకుండా అడ్డుకట్ట వదలాలి, లేకపోతే నీళ్లన్నీ ఒక్క చోటికి పరుగెత్తి కట్ట తెంపుతాయి. మాకు మొదటి ఏడు రెండు చోట్ల తెగింది ఇందుకే. మొక్కను కందకానికీ కట్టకూ మధ్య అంచున పెట్టాలి. మీకు జాబ్ కార్డు ఉంటే ఉపాధి హామీ కింద మీ పొలంలో కందకాలకూ మొక్కలకూ పని ఇస్తారేమో పంచాయతీలో అడగండి.

ఇక రెండో మాట. ఏడేళ్ల బీడు అన్నారు కదా, అది ఖాళీ నేల కాదమ్మా. ఒక రోజు పొద్దున చేనంతా మెల్లగా నడిచి, వంగి చూడండి. వేప, మోదుగ, తుమ్మ, పాలచెట్ల మోళ్లు గెనేల మీద చిగురేసి ఉంటాయి. మేకలు కొరికి కొరికి పొదలా కనిపిస్తాయి గానీ కింద వేరు ఎప్పటిదో, లోతుది. ఒక్కో మోడు మీద బలమైన చిగుళ్లు ఒకటో రెండో ఉంచి మిగతావి కోసేయండి. నీళ్లు పోయక్కర్లేదు. రెండు వానాకాలాల్లో మనిషెత్తు దాటుతుంది. ఆఫ్రికాలో నైజర్ దేశపు రైతులు 1980ల నుంచి ఇదే పని చేసి లక్షల ఎకరాల్లో చెట్లు తిరిగి తెచ్చుకున్నారు. అంత దూరం ఎందుకు, చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 1990లో 32 ఎకరాల బోడినేల కొని మొదలుపెట్టారు. తర్వాత ముష్టికోవెల చుట్టుపక్కల పల్లెల వాళ్లు వాళ్లతో కలిసి కల్పవల్లి గుట్టలను వేల ఎకరాల్లో పచ్చగా చేశారు. అక్కడ జరిగిన పెద్ద పని నిప్పు పడకుండా కాపలా కాయడం. వీలైతే ఒక రోజు మీ ఆయనను తీసుకుని వెళ్లి చూసి రండి, ఊళ్లో వాళ్ల మాటలకు కలిగిన బెంగ పోతుంది.

రేగు కంపలను కొట్టేయకండి. మా చేనులో ఈ రోజు అన్నిటికంటే పెద్ద వేప నేను నాటింది కాదు. రేగు పొదలో పిట్ట వేసిన గింజ. మేక మూతి పెట్టలేని ఆ ముళ్ల మధ్య నీడలో మొలిచి, పొద పైకి తల ఎత్తేదాకా నాకు తెలియనే లేదు. నా ఎనిమిది వందలు పోయిన ఏడే అది మొలిచి ఉంటుంది.

నాటేది తొలకరికి కాదు. మనకు వానలు సెప్టెంబరులోనే గట్టిగా పడతాయి. మఖ నుంచి ఉత్తర కార్తె దాకా, అంటే ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు చివరి లోపు, చేను రెండు జానల లోతు పదును అయ్యాక నాటండి. మొక్క అడుగు, అడుగున్నర ఎత్తు ఉంటే చాలు. ఐదడుగుల మొక్కకు ఆకు ఎక్కువ, వేరు ఆ సంచిలోనే చుట్టలు చుట్టుకుని ఉంటుంది. సంచి చింపినప్పుడు అడుగున మెలిపడ్డ వేరును కత్తిరించి నాటాలి. వేప, కానుగ, సీతాఫలం, చింత గింజలు నేరుగా వేసుకుంటే ఇంకా మంచిది, తల్లివేరు మొదటి రోజు నుంచే కిందికి దిగుతుంది. చింత గింజలు ఒక రాత్రి నానబెట్టండి. వేప గింజకు రెండు మూడు వారాల్లోనే మొలకెత్తే శక్తి పోతుంది, సెప్టెంబరు దాకా ఆగకుండా పండు రాలిన వెంటనే గుజ్జు కడిగి వేసేయాలి. తెల్లతుమ్మకైతే మేకల దొడ్డి ఎరువు చల్లండి, మేక కడుపులో పడి వచ్చిన గింజ బాగా మొలుస్తుంది. నేరేడు మాత్రం నీరు నిలిచే పల్లంలోనే.

పాదులో వేరుశనగ పొట్టు నాలుగు వేళ్ల మందాన కప్పండి, మొదలుకు తగలకుండా. చెదలు ఎక్కువైతే గుంటలో వేపపిండి కలపండి. అన్నిటికీ కాకపోయినా చింత, ఉసిరి లాంటి వాటి పక్కన అడుగు దూరంలో రంగు వేయని మట్టికుండను మెడ దాకా పాతి, నీళ్లు నింపి మూత పెట్టండి. కుండ చెమ్మను వేరు వెతుక్కుంటూ వస్తుంది. వేసవిలో నాలుగైదు రోజులకొకసారి నింపితే చాలింది మాకు.

మేకల సంగతి. ముళ్లతీగ కంచెకు మా దగ్గర డబ్బులు లేవు. ఎండు కంప వేసి, లోపల వరసగా వాక్కాయ పెట్టాం. అది పెరగడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లూ కాపాడింది కంప కాదు, మా ఊరి గొర్రెల కాపరి పెద్దాయన. గడ్డి కోసుకుపో, మందను మాత్రం లోపలికి తోలకు అని ఆయనతో మాట్లాడుకున్నాం. ఆ తర్వాత వేరేవాళ్ల మందలను కూడా ఆయనే అదిలించేవాడు. మీ ఊళ్లో మందలున్న ఇళ్లకు మీరే వెళ్లి అడగండి, కబురు పంపొద్దు. డిసెంబరు దాటాక చేను చుట్టూ పదడుగుల వెడల్పున గడ్డి చెక్కించడం మరిచిపోకండి. ఒక్క బీడీ ముక్కతో మూడేళ్ల పని పోతుంది.

ఇప్పుడు మా ఐదెకరాల్లో తొమ్మిది వందల దాకా చెట్లున్నాయి. సగం నేను నాటినవి కావు.

ప్రశ్న: రెండెకరాల మెట్టలో ఎర్రచందనం వేస్తే పదేళ్లలో కోట్లు వస్తాయని ఒకాయన చెబుతున్నారు. వేయమంటారా?
– పాఠకుడు, కడప జిల్లా

జవాబు: కోట్ల మాట నమ్మి వేయకండి బాబూ. మన శేషాచలం చెట్టే కాబట్టి మీ నేలలో బతుకుతుంది, అందులో అనుమానం లేదు. కానీ డబ్బు వచ్చేది చేవకు, అంటే మాను నడుమ ఉండే ఎర్రటి గట్టి కర్రకు. ఆ చేవ కట్టడానికి పదేళ్లు చాలవు, ఇరవై, ముప్పై ఏళ్ల మాట అది. కోయాలన్నా, బండి ఎక్కించాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. చేవ కట్టాక దొంగల భయం. గట్ల మీద పది, ఇరవై పెట్టుకుని మీ పిల్లల పేరున వదిలేయండి, నాటిన రోజే అటవీ శాఖ ఆఫీసుకు వెళ్లి ఏ కాగితాలు ఉంచుకోవాలో అడిగి రాసుకోండి. మిగతా నేలలో సీతాఫలం వేస్తే మూడు నాలుగేళ్లకు కాపు మొదలవుతుంది, మేకలు కూడా దాని ఆకు ముట్టవు.