బ్యాటరీ బ్రాంచికి అడ్వాన్స్ కట్టేశారా? కాస్త ఆగండి

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ ఎంపీసీ సెకండియర్ చదువుతోంది. కెమిస్ట్రీ అంటే పిచ్చి. “బంధం తెగాలంటే శక్తి కావాలంటున్నారు, మరి మా రూమ్మేట్ బైపీసీ పుస్తకంలో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అణువులో బంధం తెగితే శక్తి వస్తుందని ఎందుకుంది?” అని క్లాసులో అడిగిందట. సిలబస్‌లో లేనివి అడిగి టైం వేస్ట్ చేస్తోందని కాలేజీ వాళ్లు నాకు ఫోన్ చేశారు. రాబోయే కాలం బ్యాటరీలదేనని అందరూ అంటుంటే ఒక ప్రైవేటు కాలేజీలో ఈవీ, బ్యాటరీ టెక్నాలజీ బీటెక్ సీటుకి అడ్వాన్స్ కట్టాను. తనేమో కెమికల్ ఇంజనీరింగ్, కాకపోతే బీఎస్సీ కెమిస్ట్రీ అంటోంది. ఆడపిల్ల ఫ్యాక్టరీలో ఏం చేస్తుంది? మూడింటినీ పోల్చి చెప్పండి.
– ఒక మిర్చి వ్యాపారి, గుంటూరు

జవాబు: ముందు మీ అమ్మాయి ప్రశ్న సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది అదే. బంధం తెంచడానికి ఎప్పుడైనా శక్తి పెట్టాల్సిందే. హైడ్రోజన్ అణువును విడగొట్టాలంటే మోలుకు 436 కిలోజౌళ్లు కావాలి. ఏటీపీకీ మినహాయింపేమీ లేదు. అది నీటితో చర్య జరిపినప్పుడు పాత బంధాలు తెగడానికి కొంత ఖర్చవుతుంది. కొత్తగా వచ్చిన ఏడీపీ, ఫాస్ఫేటు మరింత స్థిరంగా కుదురుకోవడంలో అంతకన్నా ఎక్కువ తిరిగొస్తుంది. ఆ మిగులు మోలుకు సుమారు 30 కిలోజౌళ్లు, కణం వాడుకునేది దాన్నే. బైపీసీ పుస్తకాల్లో ఈ లెక్కంతా ఒక్క వాక్యంలో కుదించేస్తారు. ఎమ్మెస్సీ చదివినవాళ్లు కూడా తడబడే చోటిది. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని పొంతన లేదని తనంతట తను పట్టుకుంది. ఈఏపీసెట్‌లో దానికి మార్కు రాదు కాబట్టి కాలేజీ వాళ్లకి చిరాకు. మీకెందుకండీ?

ఇక బ్యాటరీ బ్రాంచి. ఈ మధ్య నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది నోట ఇదే మాట. నాకు దీనిమీద అనుమానాలున్నాయి, దాచుకోను. చాలా కాలేజీల్లో ఆ సిలబస్ తెరిచి చూడండి. మోటార్లు, కంట్రోలర్లు, ఛార్జింగ్, అంటే ఎలక్ట్రికల్ వాళ్లు ఎప్పటినుంచో చదువుతున్నదే ఎక్కువ. సెల్ లోపల ఏం జరుగుతుందో చెప్పే ఎలక్ట్రోకెమిస్ట్రీకి ఒకటో రెండో పేపర్లు. మీ అమ్మాయికి ఇష్టమైనదే అందులో తక్కువన్నమాట. పైగా ప్రభుత్వరంగ సంస్థల నోటిఫికేషన్లలో అర్హమైన బ్రాంచీల పేర్లు రాసి ఉంటాయి. కొత్త పేరున్న డిగ్రీతో వెళితే ఇది ఫలానా బ్రాంచికి సమానమని రుజువు చేసుకునే తిప్పలు పడాల్సి రావచ్చు.

లిథియం అయాన్ బ్యాటరీ బజారులోకి వచ్చింది 1991లో. ఇప్పుడు దాని పక్కనే సోడియం అయాన్ వస్తోంది. ఆటోనగర్లో లారీలకు బిగించే లెడ్ యాసిడ్ బ్యాటరీ మాత్రం 1859లో పుట్టింది, ఇంకా నడుస్తూనే ఉంది. ఏ రకం ఎన్నాళ్లుంటుందో చెప్పలేనప్పుడు ఒక రకం వస్తువు పేరుమీద నాలుగేళ్ల డిగ్రీ ఎందుకు? 2019లో లిథియం అయాన్ బ్యాటరీకి నోబెల్ అందుకున్న ముగ్గురిలో గుడ్‌ఇనఫ్ చదివింది గణితం, భౌతికశాస్త్రం. విటింగ్‌హామ్‌ది కెమిస్ట్రీ. యొషినోది పెట్రోకెమిస్ట్రీ. యార్డులో మీరు సంచి మీద పేరు చూసి తేజ రకం మిర్చి కొంటారా? లోపల చేయి పెట్టి, కాయ తీసి చూడందే ధర చెప్పరు. అమ్మాయి చదువు దగ్గరికొచ్చేసరికి బ్రోచర్ చూసి అడ్వాన్స్ కట్టేశారు.

మీ అసలు బెంగ ఫ్యాక్టరీ గురించని అర్థమైంది. మరి బ్యాటరీ ఎక్కడ తయారవుతుందనుకున్నారు? అదీ ఫ్యాక్టరీలోనే. లిథియం సెల్‌కి తేమ తగిలితే పాడవుతుంది కాబట్టి గాల్లో చెమ్మ లేని గదుల్లో, షిఫ్టుల్లోనే పని. అది ఫర్వాలేదు, కెమికల్ మాత్రం వద్దా? కెమికల్ చదివిన అమ్మాయిలు ప్లాంటులోనే కాదు, డిజైన్‌లో, క్వాలిటీలో, సేఫ్టీలో, పరిశోధనలో ఉన్నారు. “ఆడపిల్ల” అన్న ముక్క ఆమె ముందు ఇంకోసారి అనకండి.

పోలిక అడిగారు, క్లుప్తంగా చెబుతాను. ఎంట్రన్సుల్లో గట్టి ర్యాంకు వస్తే తాడేపల్లిగూడెం నిట్‌లోనో, విశాఖలోని పెట్రోలియం, ఎనర్జీ సంస్థలోనో కెమికల్ చదవొచ్చు. ఇంటిదగ్గరే కావాలంటే గుంటూరు ఆర్వీఆర్ అండ్ జేసీలోనూ ఆ బ్రాంచి ఉంది. క్యాంపస్ ఉద్యోగాల హడావుడి కంప్యూటర్స్‌కి ఉన్నంత ఉండదు, ఊరు కదలాల్సి రావచ్చు. అది నిజం. బీఎస్సీ అయితే డిగ్రీతో ఆగితే లాభం లేదు. జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీలో ఎమ్మెస్సీ చేయాలి, లేదా ఇంటర్ అవగానే తిరుపతిలోని కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌కి ప్రయత్నించాలి. ఏ దారిన వెళ్లినా తర్వాత బ్యాటరీల వైపు తిరగొచ్చు. తమిళనాడు కారైకుడిలో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రోకెమికల్ పరిశోధనా సంస్థే ఉంది. ముందు బ్యాటరీ డిగ్రీ తీసుకుని తర్వాత రిఫైనరీకో ఫార్మాకో వెళ్లడం అంత సులువు కాదు. నా ఓటు కెమికల్‌కి. ఐసర్ సీటు వస్తే మాత్రం ఆలోచించకుండా పంపండి.

ఈ ఆదివారం హాస్టల్‌కి వెళ్లినప్పుడు మార్కులు అడక్కుండా ఆమెకి ఒక లెక్క ఇవ్వండి. ఒక మోలు హైడ్రోజన్‌ను మండించి ద్రవరూపంలో నీరు వచ్చేలా చూస్తే 286 కిలోజౌళ్ల వేడి వస్తుంది. అదే హైడ్రోజన్‌ను మండించకుండా నేరుగా కరెంటు తీసే ఫ్యూయల్ సెల్‌లో పెడితే, ఎంత గొప్పగా చేసినా కరెంటుగా వచ్చేది 237. మిగిలిన 49 ఎటుపోయాయో మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. అడ్వాన్స్ విషయానికొస్తే, రసీదు వెనక షరతులు చదవండి. ఫీజు వాపసు మీద సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ నిబంధనలున్నాయి. గడువు దాటకముందే సీటు వద్దని రాతపూర్వకంగా ఇచ్చి, ఆ కాపీ మీద కాలేజీ ముద్ర వేయించుకోండి.