పులి కోసమే అయితే అమ్రాబాద్ పోకు బిడ్డా

బిడ్డా,

వచ్చే శనివారం ఆఫీసువాళ్లతో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అడవికి పోతున్నావని మీ అమ్మ చెప్పింది. పులి కనిపిస్తుందా మామయ్యా అని అడగమన్నావట. ఆ అడవిలో ముప్పై ఏళ్లు నౌకరీ చేసినవాణ్ని, కనిపిస్తుందని మాత్రం చెప్పను. 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి అది, పులులేమో పదుల్లోనే. నాకే మొదటి పులి ఏడో ఏట కనిపించింది, అదీ వీపు మాత్రమే.

శుక్రవారం డ్యూటీ అయ్యాక రాత్రికి రాత్రే బయల్దేరే ప్లాన్ మానుకోండి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవి మొదట్లో ఉండే మన్ననూరు చెక్‌పోస్ట్ దగ్గర గేటు వేసేస్తారు, ఎవరికి ఫోన్ చేయించినా తీయరు, తీయకూడదు కూడా. జంతువులు రోడ్డు దాటే టైమ్ అదే. తెల్లవారుజామున మూడున్నరకి తుక్కుగూడ దాటితే గేటు తీసే వేళకి సరిపోతుంది.

ఇక కోతుల సంగతి. ఘాట్ రోడ్డు మీద కారు ఆపి అరటిపండ్లు వేస్తారు చూడు, పుణ్యం అనుకుంటారు. నేనూ వేశాను, నౌకరీలో చేరిన కొత్తలో, యూనిఫామ్ మీదే. నేను విసిరిన పండు రోడ్డు మధ్యలో పడింది, పిల్లకోతి ఒకటి దానికోసం దూకింది, ఎదురుగా లారీ. తల్లి దాన్ని ఎత్తుకుని సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. పోయింది ఒక్క కోతే కదా అనుకోకు. చచ్చినదాన్ని తినడానికి రాత్రి నక్కో చిరుతో రోడ్డెక్కుతుంది, అదీ ఏ బండి కిందో పడుతుంది. పైగా కోతులు లోపల తునికి, మర్రి పండ్లు తిని గింజలు అడవంతా చల్లుతాయి. చిప్స్ కోసం రోడ్డు పక్కన కూర్చున్న కోతి ఆ పనేం చేస్తుంది?

చిప్స్ అంటే గుర్తొచ్చింది. ఒకసారి చచ్చిపోయిన చుక్కల దుప్పికి పోస్టుమార్టం చేస్తుంటే పక్కనే ఉన్నాను, పొట్టలో గడ్డికన్నా ప్లాస్టిక్ కవర్లే ఎక్కువున్నాయి. ఉప్పు వాసనకి కవరుతో సహా తినేస్తాయి. 2019లో ఇక్కడ యురేనియం తవ్వుతారన్న గొడవప్పుడు సేవ్ నల్లమల అని మీరంతా స్టేటస్‌లు పెట్టారు, సెప్టెంబర్‌లో అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది, మంచిదే. ఆ నల్లమలకే పోతున్నారు కాబట్టి తాగిన బాటిళ్లు డిక్కీలో వేసుకుని వెనక్కి తెచ్చుకోండి. సిగరెట్ తాగే పిల్లలుంటే అడవి దాటేదాకా ఆగమను, ఎండాకులకి ఒక్క నిప్పురవ్వ చాలు.

సఫారీలో గైడ్‌ని పులి, పులి అని సతాయించొద్దు. మీరిచ్చే ఐదొందలకి ఆశపడి జీపు దారి తప్పిస్తే పోయేది అతని ఉద్యోగం. ఆ గైడ్ ఈ అడవిలోనే పుట్టిపెరిగిన చెంచు గిరిజనుల పిల్లాడైతే మీ అదృష్టం, నోరు మూసుకుని అతని చెవులు ఎటు తిరుగుతున్నాయో చూడండి. కొండముచ్చు చెట్టు మీంచి దగ్గినట్టు అరిచి, వెంటనే దుప్పి కూడా కూసిందంటే పులో చిరుతో దగ్గర్లో నడుస్తోందన్నమాట. నాకైతే పులిని చూడడంకన్నా ఆ రెండు నిమిషాలే ఇష్టం. బ్లూటూత్ స్పీకర్ పెడితే అది కాస్తా పోతుంది. చెంచు పెంటల్లోకి, అంటే వాళ్ల గూడేల్లోకి, అడగకుండా పోయి ఫోటోలు తీయకండి, అవి వాళ్ల ఇళ్లు, మీ గచ్చిబౌలి ఫ్లాట్‌లోకి ఎవరైనా అలా వస్తే ఊరుకుంటావా?

ఏమీ కనిపించకపోతే ఆదివారం పొద్దున మా వనస్థలిపురం రా, హరిణ వనస్థలిలో కృష్ణజింకల్ని నేను చూపిస్తాను. నా బైనాక్యులర్స్ శుక్రవారం వచ్చి తీసుకుపో. కుడివైపు లెన్స్ కొంచెం లూజుగా ఉంది, మెల్లగా తిప్పాలి.

మీ మామయ్య