లాక్‌డౌన్‌లో అందరూ ఇళ్లలోనే ఉంటే, 2020లో దేశంలో నేరాలు 28 శాతం ఎలా పెరిగాయి?

నేరాలే అంతగా పెరిగాయని కాదు, నమోదైన కేసులు పెరిగాయి. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలో 2019లో సుమారు 51.6 లక్షల కేసులుంటే, 2020లో 66 లక్షలు దాటాయి. పెరిగినదాంట్లో పెద్ద వాటా ఐపీసీ 188 సెక్షన్‌దే, అంటే అధికారుల ఉత్తర్వులు ధిక్కరించడం. 2019లో 30 వేలు కూడా లేని ఈ కేసులు 2020లో 6 లక్షలు దాటాయి. పాలప్యాకెట్ కోసం బయటికెళ్లి దొరికిపోయినవాడూ ఆ లెక్కలో ఉండొచ్చు! అదే ఏడాది దొంగతనాలు బాగా తగ్గాయి. ఇంట్లో మనుషులుంటే దొంగకేం పని? హత్యలు మాత్రం దాదాపు అంతే, 29 వేల చిల్లర.

ఆంక్షలు సడలాక 2021లో మొత్తం సుమారు 61 లక్షలకు దిగింది.

ఇంకో మెలిక ఉంది. ఒకే ఎఫ్ఐఆర్‌లో హత్య, దోపిడీ రెండూ ఉంటే బ్యూరో హత్యనే లెక్కిస్తుంది. ఇక స్టేషన్ మెట్లెక్కని ఫిర్యాదులు ఏ పట్టికలోనూ కనపడవు. అందుకే తెలంగాణలో సైబర్ కేసులు 2022లో 15 వేలు దాటి దేశంలోనే మొదటి స్థానంలో ఉన్నాయంటే, అక్కడే మోసాలు ఎక్కువని చెప్పలేం. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి బాధితులు ఫోన్ చేయడం, వెంటనే కేసు కట్టడం కూడా అంకెను పెంచుతాయి.