బేస్ గిటార్ పట్టిన మేనకోడలికి

అమ్మడూ,

రాయగడలో మీరంతా కలిసి బ్యాండు కట్టారనీ, బేస్ గిటార్ నీ వంతుకు వచ్చిందనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చైత్ర పండగలకల్లా స్టేజి ఎక్కాలనుకుంటున్నారట. చాలా సంతోషం. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని బరంపురం నుంచి ఈ ఉత్తరం రాస్తున్నాను. దాచుకుని, పని పడ్డప్పుడల్లా తీసి చూసుకో.

ముందు వాయిద్యం సంగతి. విశాఖలో పాతది కొన్నావు కాబట్టి, వడ్రంగి చెక్క సరిచూసినట్టు ఒక కన్ను మూసి మెడ పొడుగునా చూడు. మెలి తిరిగి ఉంటే అది బాగుపడదు, తిరిగి ఇచ్చేయడమే. మెలి లేకపోతే, లావు తీగను ఒక చేత్తో మొదటి మెట్టు దగ్గర, రెండో చేత్తో చివరి మెట్టు దగ్గర నొక్కిపట్టు. ఫ్రెట్ అన్నా, మన వీణవాళ్లలా మెట్టు అన్నా ఒకటే. అలా పట్టుకుని ఎనిమిదో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య సందు ఎంతుందో చూడు. విజిటింగ్ కార్డు మందం, అంటే సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉంటే చాలు. సందే లేకపోతే మొదటి నాలుగైదు మెట్ల దగ్గర తీగ జరజరమంటుంది. ఎక్కువగా ఉంటే నొక్కలేక వేళ్లు పీకుతాయి. మెడ లోపలి ఇనుప కడ్డీని అలెన్ కీతో కుడివైపు తిప్పితే సందు తగ్గుతుంది, ఎడమవైపు తిప్పితే పెరుగుతుంది. ఒకసారికి పావు చుట్టు మించి తిప్పకు. తిప్పాక ఒక రాత్రి వదిలేసి, మర్నాడు మళ్లీ కొలువు. బిగిసిపోయి కదలకపోతే బలవంతపెట్టకు, కడ్డీ విరిగితే మెడ మొత్తం పోయినట్టే. పన్నెండో మెట్టు దగ్గర లావు తీగ రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తులో, సన్న తీగ రెండు మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే నీ చేతికి హాయిగా ఉంటుంది.

వానాకాలంలో చెక్క చెమ్మ పీల్చుకుంటుంది. అందుకని జనవరిలో సరిచేసిన మెడ జులైలో అలాగే ఉంటుందని నమ్మకు. తీగలకు 45, 65, 80, 105 (అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం) సెట్టు అడిగి తీసుకో. వాయించడం అయిన ప్రతిసారీ పొడి నూలు గుడ్డతో తీగల కిందా పైనా తుడువు. మా వైపు గోపాల్‌పూర్ సముద్రపు గాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి. నీకు ఆ బాధ తక్కువే గానీ, చేతి చెమట మాత్రం ఎక్కడైనా ఒకటే.

1951లో లియో ఫెండర్ తెచ్చిన బేస్‌కు ప్రెసిషన్ అని పేరు. నిలబెట్టి వాయించే పాత పెద్ద బేస్‌కు మెట్లు ఉండవు, దీనికి ఉన్నాయి గనుక స్వరం కచ్చితంగా పలుకుతుందని ఆ పేరు పెట్టారు. అంటే శృతి సంగతి చాలావరకు మెట్లే చూసుకుంటాయి. నీ చేతిలో మిగిలింది కాలం. స్వరం ఏ క్షణాన మొదలవ్వాలి, ఏ క్షణాన ఆగాలి అన్నదే. మొదలవడం గురించి అందరూ చెబుతారు, ఆపడం గురించి చెప్పేవాళ్లు తక్కువ. నువ్వు మాత్రం మొదటి రోజు నుంచీ ఆపడం కూడా నేర్చుకో.

దానికి సాధన ఇలా చెయ్యి. లయ కొట్టి చూపే మెట్రోనోమ్‌ను 60కి, అంటే నిమిషానికి 60 దెబ్బలకు పెట్టు. ఒకే స్వరాన్ని నాలుగు దెబ్బలూ నిండుగా పట్టు. తర్వాత నాలుగో దెబ్బ పడే క్షణానికి సరిగ్గా ఆపు. తర్వాత మూడో దెబ్బకు, ఆ తర్వాత రెండో దెబ్బకు. ఆపడమంటే ఎడమ వేలిని తీగ మీద నుంచి పూర్తిగా ఎత్తేయడం కాదు. నొక్కు మాత్రం వదిలి, వేలిని తీగకు ఆనించే ఉంచాలి. పూర్తిగా ఎత్తితే ఉత్త తీగ, అంటే ఏ మెట్టూ నొక్కని తీగ, మోగుతుంది. రోజుకు పది నిమిషాలు ఇదొక్కటే చెయ్యి. నెల తర్వాత, పాట వేగం 80 అయితే మెట్రోనోమ్‌ను 40కి దించి, ఆ చప్పుళ్లను రెండో దెబ్బగా, నాలుగో దెబ్బగా లెక్కపెట్టుకుంటూ వాయించు. మొదట్లో తడబడతావు. అది కుదిరిన రోజున డ్రమ్ము లేకపోయినా నీ కాలం నిలబడుతుంది.

కుడి చేతి చూపుడు వేలూ మధ్య వేలూ ఒకదాని తర్వాత ఒకటి పడాలి. బొటనవేలిని ఎప్పుడూ తీగల కిందుండే పికప్ మీదే ఉంచేయకు. నీ తీగలకు లావుదాని నుంచి సన్నదాని దాకా ఇ (E), ఏ (A), డి (D), జి (G) అని పేర్లు. ‘ఏ’ తీగ వాయిస్తున్నప్పుడు ఇ తీగ మీదకు, డి తీగకు వెళ్లినప్పుడు ఏ తీగ మీదకు దింపు. ఆనని తీగలు పక్క తీగల అదురుకే మోగి మోగి గది నిండా బూరబూరమంటాయి. ఎడమ చేతి వేలు మెట్టుకు ఆనుకునేంత దగ్గరగా పడాలి. రెండు మెట్ల నడిమధ్య నొక్కితే బలం రెట్టింపు కావాలి, అయినా జరజర పోదు. మొదటి అయిదు మెట్లలో దూరం ఎక్కువ. అక్కడ నాలుగు వేళ్లనూ సాగదీసి మణికట్టు పాడు చేసుకోకు. చూపుడు వేలు, మధ్య వేలు, ఆపైన ఉంగరం వేలూ చిటికెన వేలూ జతగా, ఇలా మూడు మెట్లకే చెయ్యి సరిపెట్టి, అవసరమైతే చేతినే జరుపు. వేలి కొన నొప్పి మామూలే. మణికట్టు నొప్పి అనిపిస్తే మాత్రం ఆ పూటకు ఆపెయ్యాలి.

కార్డు (chord, కలిపి పలికే స్వరాల గుంపు) పేరు వినగానే చేతికి మూడు చోట్లు తెలియాలి. జి అనుకో: ఇ తీగ మూడో మెట్టు మూలం, ఏ తీగ అయిదో మెట్టు పంచమం, డి తీగ అయిదో మెట్టు పై షడ్జం. మేజరా మైనరా అన్నది గాంధారం చెబుతుంది. ఏ తీగ రెండో మెట్టు అయితే మేజర్, మొదటి మెట్టు అయితే మైనర్. ఇదే ఆకారం ఎక్కడికి జరిపినా పనిచేస్తుంది, ఉత్త తీగలు కలిపితే మాత్రం పనిచేయదు. అందుకే మొదటి ఏడాది ఉత్త తీగలు తక్కువ వాడు. పాట శృతి ఎప్పుడు మారుతుందో తెలియదు, ఆ సంగతే ఇప్పుడు చెబుతాను.

మన సరిహద్దు ఊళ్లలో బేస్ వాయించేవాళ్లకు అసలు చిక్కు శృతి పేర్ల దగ్గర వస్తుంది. తెలుగు పద్ధతిలో నేర్చుకున్న గాయని ‘నాలుగున్నర’ అంటుంది. హిందుస్తానీ పద్ధతిలో నేర్చుకున్న ఒడియా అబ్బాయి దాన్నే ‘కాలీ తీన్’ అంటాడు. కీబోర్డు అబ్బాయి ‘ఎఫ్ షార్ప్’ అంటాడు. ముగ్గురూ చెప్పేది ఒకే స్వరం. మన లెక్కలో ఒకటి అంటే సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, రెండున్నర డి షార్ప్, మూడు ఇ, నాలుగు ఎఫ్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, అయిదు జి, అయిదున్నర జి షార్ప్, ఆరు ఏ, ఆరున్నర ఏ షార్ప్, ఏడు బి. హిందుస్తానీ లెక్కలో కీబోర్డు తెల్ల మెట్లు వేరు, నల్ల మెట్లు (కాలీ) వేరు. నల్లవి వరసగా ఒకటి సి షార్ప్, రెండు డి షార్ప్, మూడు ఎఫ్ షార్ప్, నాలుగు జి షార్ప్, అయిదు ఏ షార్ప్. ఈ రెండు వరసలనూ ఒక అట్టముక్క మీద రాసి గిటార్ పెట్టెలో అతికించుకో. స్టేజి మీద ‘మూడు’ అన్న మాట ఒక్కటే వినబడితే, తెలుగులో అది ఇ, హిందీలో కాలీ మూడైతే ఎఫ్ షార్ప్. ఆ తేడాతో పాట ఎత్తుకుంటే మొదటి దెబ్బకే జనం తలలెత్తి చూస్తారు.

దానికి తోడు కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బటన్ ఒకటుంది. అతను బటన్ నొక్కి, వేళ్లు సి మీదే ఉంచి వాయిస్తాడు, పలికేది మాత్రం డి. అతని వేళ్లు చూసి నువ్వు వాయిస్తే మునిగిపోతావు. ప్రతి పాటకు ముందు ‘బటన్ ఎంత?’ అని అడగడం అలవాటు చేసుకో. గాయని గొంతు బాగాలేదని రెండు మెట్లు దించమంటే, ఇ పాట డి అవుతుంది. నీ నాలుగు తీగల మీద ఇ కన్నా కింద స్వరం లేదు. ఏ తీగ అయిదో మెట్టు దగ్గర డి పట్టుకో, లేదా పాటకు ముందే ఇ తీగను డి దాకా దించు. దించితే ఆ తీగ మీద అన్ని స్వరాలూ రెండు మెట్లు పైకి జరుగుతాయని మరిచిపోకు.

కీబోర్డు ఎడమ చెయ్యి గురించి మొదటి రిహార్సల్లోనే మాట్లాడుకోండి. నడిమి సి కంటే ఒక స్థాయి కిందున్న సి, అంటే 131 హెర్ట్జ్, దాని కిందకు అతను రాకూడదు. ఆ కిందంతా నీది. ఇద్దరూ అక్కడే తిరిగితే మీ ఇద్దరిలో ఎవరూ వినబడరు. ఆక్టోప్యాడ్, అంటే ఎలక్ట్రానిక్ డ్రమ్ము పలక, వాయించేవాడితో ఇంకో ఒప్పందం కావాలి. అతని కిక్ (పెద్ద డ్రమ్ము దెబ్బ) ఎక్కడ పడుతుందో నీ మూలస్వరం అక్కడే పడాలి. ఒక్కో పాటకూ మీరిద్దరే కూర్చుని పది నిమిషాలు వాయించండి, మిగతావాళ్లు టీకి వెళ్లనీ. ఢోలక్ ఉన్న పాటల్లో దాని ఎడమ మూత గుమికి అడ్డం పోకుండా నీ స్వరాలు పొట్టిగా ఉంచు. ఢెంసా అనే ఆదివాసీ నృత్యపు పాట చేస్తూ, సన్నాయి లాంటి మహురి వాయించేవారిని పిలిస్తే, వాళ్ల శృతి మీ కోసం అంత సులువుగా మారదు. ట్యూనర్ పక్కన పెట్టి, మహురి పలికే స్వరానికే నీ బిరడాలు తిప్పుకో. కీబోర్డుకూ సన్నగా శృతి జరిపే ఏర్పాటు ఉంటుంది, అతన్నీ అలాగే చేయమను.

పాట నేర్చుకునేటప్పుడు ఫోన్ స్పీకర్ పనికిరాదు. నీ ఇ తీగ 41 హెర్ట్జ్, ఆ చిన్న స్పీకర్లో అది పలకనే పలకదు. ఇయర్‌ఫోన్ పెట్టుకుని, వేగం 0.75కు తగ్గించి విను. పాత రికార్డింగులు కొన్ని టేపు వేగం వల్ల రెండు స్వరాల మధ్య ఎక్కడో ఉంటాయి. అప్పుడు నీ ట్యూనింగ్ తప్పని కంగారు పడకు. ఇళయరాజా పాటలు ఎంచుకుంటే తొందరపడకు, వాటిలో బేస్ తన సొంత రాగం పాడుకుంటూ పోతుంది. మొదటి ప్రదర్శనకు అలాంటిది ఒక్కటి చాలు. తెలుగూ ఒడియా హిందీ కలిపి పన్నెండు పాటలు గంటకు సరిపోతాయి. వాటి మొదళ్లూ ముగింపులూ పాటకన్నా ఎక్కువసార్లు వాయించండి, ఎందుకంటే బ్యాండులు కూలేది ఎక్కువగా అక్కడే.

కరెంటు విషయంలో నా మాట జవదాటకు. పల్లె పందిళ్లలో జనరేటర్‌కు ఎర్తింగ్ ఉండకపోవచ్చు. తీగ పట్టుకుని మైకుకు పెదవి తాకిస్తే షాక్ కొడుతుంది. ముట్టుకునే ముందు మల్టీమీటర్‌ను ఏసీ వోల్టులకు పెట్టి ఒక ముల్లు తీగకు, ఇంకోటి మైకు జాలీకి ఆనించు. రెండు మూడు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్ సరిచేసేదాకా వాయించకు, ఎవరెంత తొందరపెట్టినా సరే. స్పీకర్లో హమ్ (గుయ్యిమనే చప్పుడు) వస్తోందని ప్లగ్గు మూడో పిన్ను ఎవరైనా తీసేస్తానంటే ఒప్పుకోవద్దు. హమ్ పోవడానికి, బేస్‌ను మిక్సర్‌కు కలిపే డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ ఉంటుంది, అది నొక్కాలి. మిక్సర్‌కు వెళ్లేదీ ఆ డీఐ బాక్సు నుంచే. ఇంట్లో 20 వాట్ల ఆంప్ సరిపోతుంది, ఆక్టోప్యాడ్ పక్కన 100 వాట్లైనా కావాలి. రేకుల షెడ్డులో బేస్ బూరబూరమంటే సౌండు పెంచకుండా 250 హెర్ట్జ్ దగ్గర కొద్దిగా కోయమని మిక్సర్ అబ్బాయికి చెప్పు. నీది బ్యాటరీ ఉన్న బేస్ అయితే, వాయించడం అయ్యాక జాక్ పీకెయ్. గుచ్చి వదిలేస్తే 9 వోల్టుల బ్యాటరీ వాయించకపోయినా ఖర్చవుతూనే ఉంటుంది. పెట్టెలో ఇంకో బ్యాటరీ, ఇంకో కేబుల్ ఎప్పుడూ ఉండాలి.

వచ్చే ఆదివారం రిహార్సల్లో ఫోన్ గది మూలన పెట్టి ఒక పాట రికార్డు చేసి పంపు. దాంతోపాటు నువ్వూ ఆక్టోప్యాడూ మాత్రమే వాయించిన రెండు నిమిషాలు కూడా విడిగా పంపు, నేను ముందు వినేది అదే.

మీ అమ్మకు నా మాటగా చెప్పు, సాధన వేళకు నిన్ను కూరగాయలకు పంపొద్దని.

ఆశీస్సులతో,
మావయ్య