అమలాపురంలో బీఎస్సీ చదివి న్యూరోసైన్స్ పరిశోధనలోకి వెళ్లొచ్చా?

అమలాపురంలో బీఎస్సీ జువాలజీ రెండో ఏడాదిలో ఉన్నానని, మెదడు కణాల మీద పరిశోధన చేయాలని ఉందని, ఇంట్లో మాత్రం బీఈడీ చేసి టీచర్ ఉద్యోగం చూసుకోమంటున్నారని రాశారు. మాదీ రాజోలు దగ్గర పల్లెటూరే. రాజమండ్రిలో డిగ్రీ, విశాఖలో ఎమ్మెస్సీ, తర్వాత బెంగళూరులో పీహెచ్‌డీ చేశాను. వెళ్లొచ్చండి. కాకపోతే మెదడు గురించి చదవడం ఇష్టమా, ల్యాబ్‌లో గంటల తరబడి చేత్తో పని చేయడం ఇష్టమా అన్నది ముందు తేల్చుకోండి. ఈ రంగంలో నిలబడాలంటే రెండోది కావాలి.

నాకు ఆసక్తి కలిగింది మా వరిచేలోనే. పురుగుమందు కొడుతున్న మనిషి పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్లారు. నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, కంటిపాపలు బాగా చిన్నవైపోయాయి. డాక్టర్ గారు అట్రోపిన్ ఇంజెక్షన్లు ఇస్తూనే ఉన్నారు. కారణం నాకు ఎమ్మెస్సీలో గానీ తెలియలేదు. ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పనిచేయనివ్వవు. దాంతో నాడుల చివర విడుదలైన ఎసిటైల్‌కోలిన్ అనే సందేశ రసాయనం విరగకుండా పేరుకుపోతుంది. అట్రోపిన్ వెళ్లి గ్రంథుల దగ్గర ఆ సందేశాన్ని అందుకునే ప్రోటీన్లను, అంటే రిసెప్టర్లను, అడ్డుకుంటుంది కాబట్టి చొంగ, చెమట తగ్గుతాయి. కండరాల దగ్గరున్నవి వేరే రకం రిసెప్టర్లు, వాటి మీద అది పనిచేయదు. అందుకే చొంగ తగ్గినా ఊపిరి తీసే కండరాలు నీరసించిపోవచ్చు, రోగిని కనిపెట్టుకుని ఉండాలి. ఒక మనిషి ప్రాణం రెండు రకాల ప్రోటీన్ల తేడా మీద ఆధారపడి ఉందని అర్థమయ్యాక నాకు ఇంకో సబ్జెక్టు మీదికి మనసు పోలేదు.

ఇక రోజూ చేసే పని. నేను ప్యాచ్ క్లాంప్ చేస్తాను, అంటే కణం పొర గుండా పోయే కరెంటును కొలిచే పద్ధతి. 1976లో జర్మన్ శాస్త్రవేత్తలు నెహెర్, సాక్‌మన్ ఈ పద్ధతితో ఒక్క అయాన్ ఛానెల్ (కణం పొరలో అయాన్లు పోయే సన్నటి ద్వారం) గుండా పోయే కరెంటును కొలిచి చూపించారు, 1991లో నోబెల్ అందుకున్నారు. సన్నటి గాజు గొట్టాన్ని వేడిచేసి సాగదీస్తే మొన మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) అంత అవుతుంది. మైక్రోస్కోపులో చూస్తూ దాన్ని కణం పొరకు ఆనించి, మెల్లగా గాలి పీలిస్తే పొర గాజుకు అతుక్కుంటుంది. చేయి కుదరడానికి నెలలు పడుతుంది. ఎలుక మెదడు నుంచి కోసిన 300 మైక్రాన్ల ముక్క కొన్ని గంటలే బాగుంటుంది, ఆలోపే కొలతలు తీసుకోవాలి. పెంచుతున్న నాడీకణాలైతే సినాప్సులు (కణాల మధ్య సందేశాలు పోయే కూడళ్లు) ఏర్పడేదాకా రెండు మూడు వారాలు చూసుకోవాలి. వాటికోసం సంక్రాంతికి ఇంటికి రాలేని ఏడాదులున్నాయి, అమ్మ చాలా బాధపడేది. ఫెలోషిప్ డబ్బులు నెలల తరబడి రాని కాలమూ చూశాను. అయినా తెర మీద ఒక్క ఛానెల్ తెరుచుకోవడం, మూసుకోవడం మొదటిసారి చూసిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

విజయలక్ష్మీ రవీంద్రనాథ్ గారి పరిశోధనల గురించి చదవండి. కాళ్లు చచ్చుబడేలా చేసే కేసరి పప్పులోని విషం మెదడు కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాను ఎలా దెబ్బతీస్తుందో ఆవిడ పరిశీలించారు. మానేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్‌కు వ్యవస్థాపక డైరెక్టర్ కూడా. మన పల్లెల్లో కనిపించే జబ్బుల నుంచే పెద్ద ప్రశ్నలు పుడతాయనడానికి ఆ పని మంచి ఉదాహరణ.

పరీక్షల విషయానికొస్తే ఎమ్మెస్సీకి జామ్ ప్రవేశ పరీక్షలో బయోటెక్నాలజీ పేపర్, పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష ముఖ్యం. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి అమలైన లెక్క ప్రకారం నెలకు 37,000 రూపాయలు, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అయ్యాక 42,000 ఇస్తారు. అసలు టెన్షన్ పీహెచ్‌డీ తర్వాతే. పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత ఇంకొకరి ల్యాబ్‌లో చేసే పరిశోధన, చాలామందికి విదేశాల్లో, సొంత ల్యాబ్ వచ్చేసరికి వయసు ముప్పై ఐదు దాటుతుంది. ఈ సంగతి ఇంట్లో దాచకండి.

ఈలోగా మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి రీసెర్చ్ ఫెలోషిప్‌కు అప్లై చేయండి. రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో ఉంటారు. ఆ పని నచ్చితే నాన్నగారితో అప్పుడు మాట్లాడండి. నచ్చకపోతే డిగ్రీ పూర్తయ్యాక బీఈడీ ఎలాగూ చేయొచ్చు.