డిశ్చార్జ్ కాగితం మారేదాకా చదువు ఆపాలా?

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. హైస్కూల్ అవగానే మావాడు మేం వద్దంటున్నా ఇక్కడి ఆర్మీలో చేరాడు. రెండున్నరేళ్ళకు మూత్ర పరీక్షలో గంజాయి బయటపడి ‘జనరల్’ డిశ్చార్జ్ ఇచ్చి పంపేశారు. అంతకుముందే వాడి యూనిట్‌లో స్నేహితుడు ఆత్మహత్య చేసుకున్నాడట. రాత్రిళ్ళు నిద్రపోడు. మాజీ సైనికుల చదువు ఖర్చు భరించే జీఐ బిల్లు రాదంటున్నారు. ఆరు నెలలు ఆగితే డిశ్చార్జ్ దానంతటదే మారుతుందని ఒకరు, లాయర్‌ని పెట్టుకోమని ఇంకొకరు. పౌరసత్వం ఆర్మీలో ఉండగానే వచ్చింది, అది పోతుందా? అప్‌గ్రేడ్ వచ్చాకే కాలేజీలో చేర్చాలా, ఈలోగా సైబర్ సెక్యూరిటీ బూట్‌క్యాంప్ చేయించాలా? ఇక్కడి మనవాళ్ళకు సెలవు మీద వచ్చాడని చెప్పాం. పరువు పోతుందని భయంగా ఉంది. – ఒక తండ్రి

జవాబు: పౌరసత్వం పోదండీ. సర్వీసు ద్వారా వచ్చిన పౌరసత్వాన్ని వెనక్కి తీసుకునే వీలున్నది ఐదేళ్ళ మంచి సర్వీసు పూర్తికాకుండా ‘అదర్ దాన్ ఆనరబుల్’ లేదా అంతకంటే కింది డిశ్చార్జ్ పడినవాళ్ళకు. మీవాడిది ‘జనరల్, అండర్ ఆనరబుల్ కండిషన్స్’, అంటే ‘ఆనరబుల్’కు ఒక మెట్టు కింద, అంతే. వాడి డిశ్చార్జ్ కాగితం, అంటే డీడీ 214లో 24వ బాక్స్ తీసి మీ కళ్ళతో చదువుకోండి, ఈ రాత్రికి కాస్త నిద్రపడుతుంది.

ఆరు నెలల మాట నమ్మకండి. సైన్యంలోంచి వచ్చిన ప్రతివాడి చెవినా ఎవరో ఒకరు ఇది ఊదుతూనే ఉంటారు. ఏ డిశ్చార్జ్ దానంతటదే మారదు, దరఖాస్తు పెట్టాల్సిందే. డీడీ 293 అనే ఫారం నింపి ఆర్మీ డిశ్చార్జ్ రివ్యూ బోర్డుకు పంపాలి. ఫీజు లేదు, గడువు పదిహేనేళ్ళు. బోర్డు ఉన్నదాన్ని దిగజార్చలేదు కాబట్టి అడిగితే పోయేదేమీ లేదు. ముందు కాగితాల మీద పరిశీలన అడగండి. అది కుదరకపోతే, తర్వాత బోర్డు ముందు తన మాట చెప్పుకునే అవకాశం మిగిలే ఉంటుంది. మొదటే హియరింగ్‌కు వెళితే మళ్ళీ కాగితాల పరిశీలనకు దారి ఉండదు.

జవాబు రావడానికి ఏడాది పట్టొచ్చు, అంతకు మించీ పట్టొచ్చు. అన్నాళ్ళూ కుర్రాణ్ణి ఇంట్లో కూర్చోబెడతారా? పోయింది జీఐ బిల్లు ఒక్కటే, దానికి ‘ఆనరబుల్’ తప్పనిసరి. టెక్సస్‌లో హేజిల్‌వుడ్ చట్టం అని ఇంకొకటుంది. టెక్సస్ నుంచి చేరి, శిక్షణ కాలం పోగా 180 రోజులకు మించి పనిచేసి, ఇప్పుడు ఇక్కడే ఉంటున్న వెటరన్‌కు (మాజీ సైనికుడికి) ప్రభుత్వ కాలేజీల్లో 150 క్రెడిట్ గంటల వరకూ ట్యూషన్ మాఫీ. దానికి ‘జనరల్’ డిశ్చార్జ్ కూడా చెల్లుతుంది. పుస్తకాలు, తిండి ఖర్చు మీదే. పైగా వెటరన్ కాబట్టి కాలేజీ ఆర్థిక సాయం కోసం పెట్టే ఫాఫ్సా దరఖాస్తులో వాణ్ణి స్వతంత్రుడిగా లెక్కేస్తారు, మీ జీతం వాడి సాయానికి అడ్డురాదు. మీ ఊళ్ళోనే కాలిన్ కాలేజీ క్యాంపస్ ఉంది. వెళ్ళి వెటరన్ల వ్యవహారాలు చూసేవాళ్ళను అడగండి.

ఇంకో సంగతి. 2018 జులైలో రక్షణ శాఖ బోర్డులకిచ్చిన మార్గదర్శకాల ప్రకారం, బయటికొచ్చాక మనిషి ఎలా నడుచుకున్నాడన్నది కూడా చూడాలి. రెండు సెమిస్టర్ల మార్కులు, ఒక చిన్న ఉద్యోగం, చికిత్స కాగితాలు: ఇవే దరఖాస్తుకు బలం. అప్‌గ్రేడ్ కోసం కాలేజీ ఆపితే, ఆ అప్‌గ్రేడ్‌కే దెబ్బ.

ఇక బూట్‌క్యాంప్. నాకు దీని మీద నమ్మకం తక్కువ, దాచను. ఈమధ్య సైన్యం నుంచి వచ్చిన పిల్లలున్న ప్రతి ఇంట్లో ఇదే మాట: మిలిటరీ ప్లస్ సైబర్ అంటే లక్ష డాలర్లట. ఆ మాటలో సగం నిజం సెక్యూరిటీ క్లియరెన్స్‌ది, అంటే రహస్య సమాచారం చూడటానికి ప్రభుత్వమిచ్చే అనుమతిది. రక్షణ కాంట్రాక్టర్లు అంత జీతమిచ్చేది క్లియరెన్స్ చేతిలో ఉన్నవాళ్ళకు. మీవాడు ఆ క్లియరెన్స్ ఫారం నింపితే గత ఏడేళ్ళలో మత్తుపదార్థాలు వాడావా, క్లియరెన్స్ ఉండగా వాడావా అని అడుగుతారు. దాస్తే నేరం, చెబితే అనుమానం. దారి శాశ్వతంగా మూసుకుపోయిందని కాదు, ఇవాళ తెరిచి లేదు. మరి క్లియరెన్స్ అక్కర్లేని కంపెనీలా? అక్కడ డిగ్రీ, అనుభవం ఉన్నవాళ్ళతో పోటీ పడాలి. కొన్ని నెలల కోర్సుకు వేలకు వేలు కట్టించుకుని బూట్‌క్యాంప్‌వాళ్ళు చేతిలో పెట్టేది చివరికి సెక్యూరిటీ ప్లస్ అనే సర్టిఫికెట్ పరీక్షకు కావాల్సిన చదువు. అది పుస్తకం కొనుక్కుని ఇంట్లో చదివి రాయొచ్చు. కాలేజీలో చేరి నెట్‌వర్కింగ్ కోర్సులు తీసుకుంటూ పక్కన రాసుకోమనండి. మోజు తీరిపోతే క్రెడిట్లైనా మిగులుతాయి. అసలు వాడికి కంప్యూటర్ మీద ఇష్టముందా? ఆ ముక్క మీరు రాయలేదు.

రాయనివి ఇంకా ఉన్నాయి. పరువు గురించి రాశారు, పౌరసత్వం గురించి రాశారు, కొడుకు నిద్రపోడన్నది మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారు. పక్క బంకులో పడుకునే స్నేహితుడు ప్రాణం తీసుకుంటే ఇరవై ఏళ్ళవాడు గంజాయి తాగాడు. తప్పే. కానీ అది తిరుగుబోతుతనం కాదు, ముందు మీరది ఒప్పుకోవాలి. సెలవు మీద వచ్చాడని మీరు చెప్పే ప్రతి ఇంటి గుమ్మంలోనూ వాడు ఆ అబద్ధం మోయాలి. మనవాళ్ళు నాలుగు రోజులు మాట్లాడుకుంటారు, ఆ తర్వాత ఇంకెవరింటి గొడవో దొరుకుతుంది. రెండేళ్ళు దాటిన సర్వీసు, ‘జనరల్’ డిశ్చార్జ్ కాబట్టి వీఏ (వెటరన్ల వ్యవహారాల శాఖ) వైద్యానికి దరఖాస్తు చేసుకోవచ్చు, ఈ వారమే పెట్టించండి. ఏ అర్ధరాత్రో భయమేస్తే 988కి ఫోన్ చేసి 1 నొక్కితే వెటరన్ల లైను పలుకుతుంది. నంబరు వాడికీ ఇవ్వండి, మీ ఫోన్‌లోనూ పెట్టుకోండి.

ఆ వైద్యం కాగితాలే కేసుకూ పనికొస్తాయి. 2017 ఆగస్టులో రక్షణ శాఖ బోర్డులకిచ్చిన కుర్టా మెమో ప్రకారం మానసిక సమస్య ఉన్నవాళ్ళ దరఖాస్తును ఉదారంగా చూడాలి. సర్వీసులో ఉండగానే ఆ సమస్య ఉందా, జరిగిన తప్పుకు దానికీ సంబంధముందా, తప్పు కంటే అది బరువైనదా అని బోర్డు తూస్తుంది. వాడి సొంత మాట కూడా సాక్ష్యమే.

లాయర్‌కి చెక్కు రాసే ముందు రెండు పనులు. సెయింట్ లూయీలోని రికార్డుల కేంద్రం నుంచి సర్వీసు ఫైలు మొత్తం తెప్పించండి. అందులో మూత్ర పరీక్ష కాగితం మీద ఏ కోడ్ ఉందో చూడండి. ‘ఐఆర్’ అంటే యాదృచ్ఛికంగా తీసింది. ‘సీఓ’ అని ఉంటే, అంటే డ్యూటీకి తగి ఉన్నాడో లేడోనని కమాండర్ చేయించినదైతే, ఆర్మీ నిబంధనల్లో ఆ ఫలితానికి పరిమితులున్నాయి. దాన్ని డిశ్చార్జ్ కేసులో వాళ్ళే ప్రవేశపెట్టి ఉంటే ‘ఆనరబుల్’ ఇచ్చి ఉండాల్సింది. ఈ ఒక్క కోడ్‌తో కేసు తిరిగిపోవచ్చు. తర్వాత అమెరికన్ లీజియన్, డీఏవీ లాంటి వెటరన్ల సంఘాలను, లా స్కూళ్ళ ఉచిత క్లినిక్‌లను అడిగి చూడండి. డబ్బు ఖర్చు ఆ తర్వాతి మాట.

ఫారంతో పాటు వెళ్ళే వాంగ్మూలం వాడే రాయాలి. మీరు పక్కన కూర్చుని ఇంగ్లీషు దిద్దకండి. మీ వంతుగా విడిగా ఒక ఉత్తరం రాయండి, కుటుంబసభ్యుల మాటనూ బోర్డు సాక్ష్యంగా తీసుకుంటుంది. స్నేహితుడు పోయాక వాడు ఫోన్‌లో ఎలా మాట్లాడాడు, ఇంటికొచ్చాక ఎన్ని గంటలకు పడుకుంటున్నాడు, ఏం తినడం మానేశాడు, గుర్తున్నంతవరకూ తేదీలతో సహా.