ఉన్నది లేదంటే పిల్లలకు పొదుపు వస్తుందా?

ప్రశ్న: నేను, నా భార్య ఇబ్బందుల్లో పెరిగాం. వ్యాపారం కలిసొచ్చి ఇప్పుడు బాగున్నాం. అమ్మాయికి 14 ఏళ్లు, అబ్బాయికి 9. డబ్బు విలువ తెలియాలని, ఏది అడిగినా ‘మన దగ్గర డబ్బు లేదు’ అంటున్నాం. మొన్న అమ్మాయి ‘అబద్ధం చెప్పకండి’ అంది. మేం చేస్తున్నది తప్పా?

జవాబు: మీ భయంలో తప్పు లేదు. ఎంచుకున్న మాటే సరైనది కాదు. పద్నాలుగేళ్ల పిల్లకు ఇంటి పరిస్థితి ఒకరు చెప్పనక్కర్లేదు. ‘లేదు’ అన్నప్పుడల్లా ఆమె నేర్చుకునేది పొదుపు కాదు, డబ్బు దగ్గర అమ్మానాన్నలు నిజం చెప్పరని. చిన్నవాడైతే నిజమేననుకుని లోలోపల దిగులు పడుతూ ఉండవచ్చు. ‘కొనగలం, కానీ కొనడం లేదు’ అనండి. కారణమూ చెప్పండి. ఇది కష్టం, ఎందుకంటే ఆ కారణం మీ దగ్గర నిజంగా ఉండాలి.

కలిమి పిల్లలను చెడగొడుతుందని నేను అనను. అమెరికాలోని నార్త్ కరోలినాలో 1990లలో చెరోకీ అనే ఆదివాసీ తెగ కుటుంబాలకు, ఆ తెగ కాసినో (జూదశాల) ఆదాయంలో వాటా అందడం మొదలైంది. అప్పటికే అక్కడి పిల్లల మానసిక ఆరోగ్యాన్ని గమనిస్తున్న పరిశోధకులు, పేదరికం నుంచి బయటపడ్డ ఇళ్లలో పిల్లల ప్రవర్తన సమస్యలు తగ్గాయని 2003లో ప్రచురించారు. అందుకు ముఖ్య కారణంగా వారు గుర్తించింది తల్లిదండ్రులు పిల్లలను కనిపెట్టుకుని ఉండగలగడం. మరోవైపు, సంపన్న కుటుంబాల కౌమార పిల్లల్లో ఆందోళన, కుంగుబాటు, మత్తు అలవాట్లు ఎక్కువగా ఉండటాన్ని మనస్తత్వవేత్త సునియా లూథర్ చూశారు. గెలిచి తీరాలన్న ఒత్తిడి, తల్లిదండ్రులతో దూరం ఇందుకు కారణాలని ఆమె భావించారు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. డబ్బు తల్లిదండ్రులను పిల్లల దగ్గరకు చేర్చినచోట మేలు జరిగింది, దూరం చేసినచోట కీడు. అందుకే మిమ్మల్ని తిరిగి ఒకటి అడుగుతున్నాను: వ్యాపారం పెరిగాక వారంలో ఎన్ని పూటలు పిల్లలతో కూర్చుని తింటున్నారు?

ఇక లెక్కల సంగతి. ఇద్దరికీ వయసును బట్టి చేతి ఖర్చు ఇవ్వండి, చెప్పిన రోజునే ఇవ్వండి. మధ్యలో అయిపోతే మళ్లీ నింపకండి. చిన్న మొత్తంతో తప్పు చేసే వయసు ఇదే, ఆ తప్పును వారి నుంచి లాక్కోవద్దు. మార్కులకు, ఇంటి పనులకు డబ్బు కట్టడం మాత్రం నాకు ఇష్టం లేదు. ఇంటి పని అందరిదీ. వీలునామా ఇంకా రాయకపోతే వెంటనే రాయండి. అందులో పిల్లల సంరక్షకులెవరో పేర్కొనండి. ఆస్తి మొత్తం పద్దెనిమిదో ఏట ఒక్కసారిగా చేతికి రాకుండా, ట్రస్టు ద్వారా 25, 30, 35 ఏళ్లకు విడతలుగా అందే ఏర్పాటు గురించి న్యాయవాదితో మాట్లాడండి.

ముందుగా అమ్మాయితో ‘నువ్వన్నది నిజమే’ అని ఒప్పుకోండి. ‘అయితే మనకు ఎంత ఉంది?’ అని తను వెంటనే అడుగుతుంది. మొత్తం అంకె ఇప్పుడే చెప్పక్కర్లేదు. తన చదువుకు ఎంత పక్కన పెట్టారో, అందుకు ఎన్నేళ్లు పట్టిందో కాగితం మీద రాసి చూపించండి.